ఇక ఫోన్లు వేడెక్కవా? సూపర్‌కండక్టర్‌లో కరెంటు అసలు ఎలా వెళ్తుందంటే..

ఛార్జింగ్ పెట్టి గేమ్ ఆడితే ఫోన్ వెనకాల చెయ్యి పెట్టలేం కదా! 2023లో ఎల్‌కే-99 అనే పదార్థం వైరల్ అయినప్పుడు "ఇక ఫోన్లు వేడెక్కవు" అని మా గ్రూపులో ఒకటే మెసేజ్‌లు. కొన్ని వారాల్లోనే అది సూపర్‌కండక్టర్ కాదని ల్యాబ్‌లు తేల్చేశాయి. మరి నిజమైన దాంట్లో ఏం జరుగుతుంది?

రాగి తీగలో ఏమవుతుంది?

ఎలక్ట్రాన్లు దేనికవి విడివిడిగా వెళ్తూ, వణికే పరమాణువులకు తగిలి ఎనర్జీ పోగొట్టుకుంటాయి. అదే రెసిస్టెన్స్, అదే వేడి.

మైనస్ 181 డిగ్రీలు 'హై' టెంపరేచరా?

1986లో జ్యూరిచ్ ఐబీఎం ల్యాబ్‌లో బెడ్నార్జ్, ముల్లర్ రాగి, ఆక్సిజన్ ఉన్న ఒక సిరామిక్‌లో సుమారు మైనస్ 238 డిగ్రీల దగ్గరే సూపర్‌కండక్టివిటీని కనిపెట్టారు. 1987లో వచ్చిన వైబీసీఓకి సుమారు మైనస్ 181 చాలు. అంటే లిక్విడ్ నైట్రోజన్‌తో పని అయిపోతుంది. మన ఊళ్లలో పశువుల దవాఖానలో మూత తీస్తే తెల్లగా పొగలు వచ్చే డబ్బా ఉంటుంది చూడండి, అందులో ఉండేది అదే, మైనస్ 196 డిగ్రీలు!

నాపరాయిలా పొరలు

తాండూరు నాపరాయి పొరలు పొరలుగా వస్తుంది కదా, వైబీసీఓ లోపల కూడా అంతే. కరెంటు ముఖ్యంగా రాగి-ఆక్సిజన్ పొరల్లోనే పరుగెడుతుంది. పొర నుంచి పొరకు దూకడం కష్టం.

వికారాబాద్ నుంచి తాండూరు వచ్చే బస్సు కిక్కిరిస్తే లోపల ఎవరూ కదల్లేరు. కొందరు దిగితే ఆ ఖాళీల్లోకి మిగతావాళ్లు జరుగుతారు. ఈ పొరల్లోనూ ఆక్సిజన్ పెంచితే కొన్ని ఎలక్ట్రాన్లు తగ్గి 'హోల్స్' ఏర్పడతాయి. అప్పుడే ఛార్జ్ కదులుతుంది.

బాగా చల్లబడ్డాక ఇవి జంటలు కడతాయి. జంటలన్నీ ఒకే లయలో నడుస్తాయి కాబట్టి ఏ ఒక్కదాన్నీ విడిగా ఆపలేం. ఢీకొని ఎనర్జీ పోదు, రెసిస్టెన్స్ సున్నా. ఈ సిరామిక్స్‌లో జంట కట్టించేది ఏమిటన్నదానిపై మాత్రం శాస్త్రవేత్తలు ఇంకా ఒక మాట మీదకు రాలేదు.

మరి ఫోన్ సంగతి?

రూమ్ టెంపరేచర్ సూపర్‌కండక్టర్ రేపే వచ్చినా మీ ఫోన్ వేడెక్కుతుంది. ఎందుకంటే ఆ వేడిలో ఎక్కువ భాగం ప్రాసెసర్‌లో ట్రాన్సిస్టర్లు ఆన్-ఆఫ్ అవడం వల్ల, బ్యాటరీలో అయాన్లు కదలడం వల్ల వస్తుంది. వైర్ల వాటా చిన్నది. అసలు లాభం కరెంటు లైన్లకు. జర్మనీలోని ఎస్సెన్‌లో 2014లోనే దాదాపు కిలోమీటరు పొడవు సూపర్‌కండక్టర్ కేబుల్ వేశారు.

ఇంకోసారి ఇలాంటి వీడియో ఫార్వర్డ్ అయితే రెండే చూడండి: రెసిస్టెన్స్ నిజంగా సున్నా అయిందా? అయస్కాంత క్షేత్రాన్ని లోపలి నుంచి బయటికి నెట్టేసిందా? ఊరికే గాల్లో తేలితే సరిపోదు!