తూకానికి వేసే కాగితాలేనా?

పోయిన ఉగాదికి ముందు మన బళ్ళారి సంఘ భవనానికి సున్నం వేయించాలని కార్యవర్గం వారు నిశ్చయించారు. మూలగది ఖాళీ చేస్తుంటే రెండు రేకు ట్రంకులు బయటపడ్డవి. నిండా పాత కాగితాలు. తీర్మానాల పుస్తకాలు, చందా రసీదులు, ఉత్తరాలు, నాటకాల కరపత్రాలు. రద్దీ అంగడి మనిషి తక్కెడతో సహా వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. కిలోకు 12 రూపాయలు అన్నాడు.

"ఇన్నాళ్ళూ ఎవరు చూశారయ్యా వాటిని? ఇచ్చేయండి" అన్నారు పెద్దలొకరు. మేము ఒక్క ఆదివారం గడువు అడిగాము. ఆఫీసులో ఇరవై ఏండ్లుగా దస్త్రాలు కట్టి విప్పుతున్న చేతులు మావి. కట్ట విప్పి చూడకుండా తూకానికి వేయడానికి మనసు ఒప్పలేదు.

ఆ ఆదివారం సంగతి తరువాత చెబుతాము. ముందు లండన్‌లోని ఒక గ్రంథాలయాన్ని గూర్చి పాఠకులు వినవలె. మన ఊరి నుంచి వెళ్ళిన కాగితాలు కొన్ని అక్కడ భద్రంగా ఉన్నవి.

లండన్ విశ్వవిద్యాలయానికి చెందిన ప్రాచ్య, ఆఫ్రికా అధ్యయనాల కళాశాల 1916లో ఏర్పడింది. దాని గ్రంథాలయంలో అచ్చు పుస్తకాలే కాదు, వ్యక్తుల సొంత కాగితాలు, సంఘాల దస్త్రాలు కూడా దాచి ఉంచారు. వాటిలో 1795లో పుట్టిన లండన్ మిషనరీ సొసైటీ కాగితాలు ముఖ్యమైనవి. అవి 1973లో ఆ గ్రంథాలయానికి చేరినవి. పాలక మండలి తీర్మానాలు, వచ్చిన ఉత్తరాలు, పోయిన ఉత్తరాల నకళ్ళు, వార్షిక నివేదికలు, ఉద్యోగానికి వచ్చినవారి దరఖాస్తులు, ఛాయాచిత్రాలు అన్నీ అందులో కలవు.

ఈ సొసైటీ వారు 1805లోనే విశాఖపట్నం వచ్చారు. మొదట వచ్చిన ఇద్దరు జార్జి క్రాన్, అగస్టస్ డెగ్రాంజెస్. తెలుగు నేర్చుకొని బైబిలు భాగాలను తెనిగించడానికి పూనుకొన్నారు. ఆనందరాయరు అనే బ్రాహ్మణుడు, క్రైస్తవం పుచ్చుకొన్నవాడు, ఆ పనిలో వారికి తోడ్పడ్డాడు. క్రాన్ 1809లోను, డెగ్రాంజెస్ 1810లోను కాలం చేశారు. ఆ 1810లోనే జాన్ హాండ్స్ అనే ఆయన మన బళ్ళారి చేరాడు. వీరందరూ పై అధికారులకు ఉత్తరాలు వ్రాయవలసినవారే. ఓడలో నెలల తరబడి ప్రయాణం చేసి వెళ్ళిన ఆ ఉత్తరాలను అక్కడ ఎవరో గుమాస్తా పుచ్చుకొని, వరుసలో పెట్టి, కట్ట కట్టాడు. ఆ కట్టవల్లనే ఈనాడు అవి మిగిలినవి. ఆ గుమాస్తా పేరు ఏ చరిత్రలోను కనబడదు గాని, మావంటివారికి అతడంటే చుట్టరికం తోచుతుంది.

మా అక్కగారి అబ్బాయి ఆ ఊళ్ళో చదువుకొంటున్నాడు. మా కోరికపై ఒకనాడు వెళ్ళి చూచి వచ్చి ఫోనులో చెప్పాడు. "మామయ్యా, లోపలికి కలం తీసుకొని పోనివ్వరు, పెన్సిలు మాత్రమే. ఒక కట్ట తిరిగి ఇస్తేనే ఇంకొకటి ఇస్తారు. కాగితాలు ఏ వరుసలో ఉన్నవో ఆ వరుస తప్పించరాదు" అన్నాడు.

ఈ చివరి మాట గమనించదగినది. ఏ సంఘం కాగితాలు ఆ సంఘంవిగానే ఉంచాలి, ఇంకొకరి వాటితో కలపరాదు, మొదట వాడినవారు పెట్టిన వరుసను చెరపరాదు అనేవి ఇటువంటి గ్రంథాలయాల మూలసూత్రాలు. ఒక ఉత్తరం పక్కన దాని జవాబు ఉంటేనే రెంటికీ అర్థం. ఈ సొసైటీ ఉత్తరాలకు పెట్టె నంబరు, అందులో ఫోల్డరు నంబరు, ఫోల్డరులో జాకెట్టు అక్షరం అని మూడు గుర్తులు వేశారు. ఆ మూడూ చీటీపై వ్రాసి ఇస్తే రెండు వందల ఏండ్లనాటి ఉత్తరం మన బల్లమీదికి వస్తుంది. మా ఆఫీసులో నిరుటి ఫైలు కావాలంటే ఒక పూట పడుతున్నది.

మరొక విశేషం. దక్షిణ హిందూదేశపు ఉత్తరాలను వారు కన్నడం, తమిళం, తెలుగు, తిరువాన్కూరు అని విభాగించారు. విశాఖపట్నం ఉత్తరాలు తెలుగు పెట్టెలలోనూ, బళ్ళారివి కన్నడ పెట్టెలలోనూ పడినవి. ఇంట్లో తెలుగు, అంగడిలో కన్నడం మాట్లాడే మనవంటి కుటుంబాలకు ఒక్క చీటీ చాలదు. బళ్ళారి 1953 అక్టోబరు 1న మైసూరు రాష్ట్రంలో చేరింది. దానికి ముందు ఎంత వాదం జరిగిందో పెద్దలకు తెలుసు. లండన్‌లో పెట్టెలమీద చీటీలు అంటించినవారు మాత్రం మనలను అడగలేదు.

అసలు చెప్పదలచిన మాట ఇదే. ఆ పెట్టెలలో మన ఊరు ఉన్నది, మన పెద్దలూ ఉన్నారు. కాని వారు పరుల కలానికి కనిపించినట్లుగా ఉన్నారు. ఆనందరాయరు సంగతులు కూడా ఆ దొరల ఉత్తరాల గుండానే లోకానికి తెలిసినవి. మన మాట మన నోట వినబడేది మన తీర్మానాల పుస్తకాలలోనే. ధర్మవరం కృష్ణమాచార్యులవారి సరస వినోదినీ సభను, బళ్ళారి రాఘవగారి నటనను తలచుకొని మనము గర్వపడతాము. ఆనాటి నాటకానికి దీపాల నూనె ఖర్చు ఎంత, ఎవరు చందా ఇచ్చారు, ఎవరు ఎగవేశారు అనేవి చెప్పగలిగినది లెక్కల పుస్తకం ఒక్కటే.

"అందులో పాత తగాదాలు ఉన్నవి, బయట పడటం మంచిది కాదు" అని కార్యవర్గంలో ఒకరు అన్నారు. అది న్యాయమైన భయమే. దీనికి గ్రంథాలయాలవారు ఉపాయం చూపారు. బ్రతికి ఉన్నవారి సొంత విషయాలు గల కాగితాలను కొన్ని ఏండ్ల వరకు మూసి ఉంచుతారు. ఇచ్చేవారు షరతు వ్రాసి ఇవ్వవచ్చును. దాచడం వేరు, చాటడం వేరు.

ఇక ఆ ఆదివారం సంగతి. మేమూ, మా ఇంటావిడా ట్రంకులు ముందు వేసుకొని కూర్చున్నాము. ఒక పాత పుస్తకంలో శ్రీరామనవమి పానకానికి, వడపప్పుకు ఎవరెవరు ఏమి ఇచ్చారో జాబితా ఉన్నది. బెల్లం ఇన్ని శేర్లు, పెసరపప్పు ఇన్ని శేర్లు. వరుసలో తొమ్మిదవ పేరు మా నాయనమ్మది. రెండు శేర్ల పెసరపప్పు. ఎదురుగా ఆమె వేలిముద్ర. ఆమె ఫొటో మా ఇంట్లో లేదు. ఆమె పేరు వ్రాసిన కాగితం అంతకుముందు మేము ఒక్కటీ చూడలేదు. మా ఇంటావిడ కొంగుతో దుమ్ము తుడిచి, "ఇదికూడా తూకానికి వేస్తారా?" అన్నది. మేము మాట్లాడలేకపోయాము.

మరునాడు ఆ పుస్తకం కార్యవర్గం ముందు పెట్టాము. రద్దీ మనిషిని పంపించివేశారు. ఇప్పుడు ప్రతి ఆదివారం ఉదయం నలుగురం కూర్చొని జాబితా వ్రాస్తున్నాము. జాబితా పూర్తి అయిన తరువాత మన ఊళ్ళోనే 2010లో వెలసిన విజయనగర శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం వారిని అడుగుదామనుకొంటున్నాము.

ఇతర ఊళ్ళ సంఘాలవారికి, కుటుంబాలవారికి మా మనవి. తుప్పు పట్టిన గుండుసూదులు మెల్లగా తీయండి. చిరుగులకు అంటుకొనే టేపు వేయకండి, అది కొన్నాళ్ళకు పసుపెక్కి కాగితాన్ని తినేస్తుంది. ఫొటోల వెనుక పేర్లు, ఊరు, సంవత్సరం మెత్తని పెన్సిలుతో వ్రాయండి, చెప్పగల పెద్దలు ఉన్నప్పుడే వ్రాయండి. కట్టలను నేలకూ, తడిగోడకూ దూరంగా ఉంచండి. వరుస మార్చకండి.

మొదట ఒక్క ట్రంకు మూత తీసి చూడండి. తొమ్మిదవ వరుసలో మీ నాయనమ్మ ఉండవచ్చును.