గేటు కాడ ఆగితే గూడ్సు బండిని సదవచ్చు

గేటు పడ్డదంటే మనోళ్లకు చిరాకు. నాకైతే సంబురం. జేబుల నుంచి ఫోను తీసి బొగ్గు బండి కోసం ఎదురుచూస్త. డోర్నకల్ నుంచి కొత్తగూడెం దాంక సుమారు 55 కిలోమీటర్ల చిన్న లైను మాది. కొత్తగూడెం టేషనుకు బోర్డు మీద పేరు భద్రాచలం రోడ్. ఆడికెల్లి పట్టాలు మణుగూరు దాంక పోతయి. ప్యాసింజర్లు తక్కువ, బొగ్గు బండ్లే ఎక్కువ.

"గూడ్సు బండి ఫొటోల ఏమున్నదే?" అని అడుగుతరు. సదువుకునేటంత ఉన్నది. వ్యాగన్ పక్కన 11 అంకెల నంబరు ఉంటది. మొదటి రెండు వ్యాగన్ రకం చెప్తయి. తర్వాత రెండు ఏ రైల్వేదో, ఆ తర్వాత రెండు ఏ ఏడు తయారైందో చెప్తయి. ఐదు, ఆరు అంకెలు 09 ఉంటే అది 2009ల తయారైన వ్యాగన్. ఇంకో నాలుగు దాని సొంత నంబరు. ఆఖరిది, మిగతా పది సరిగ్గ ఉన్నయా లేవా అని చూసుకునే అంకె.

రూపం కూడా చూడుండ్రి. పైన తెరిచిన పెట్టె లెక్కుంటే బాక్స్‌ఎన్. యంత్రం దాన్ని పట్టుకొని బోర్లిస్తే బొగ్గు పడ్తది. అడుగు గరాటు లెక్క సన్నగుంటే బీఓబీఆర్. దాని కింది తలుపులు తెరుసుకొని, బొగ్గు పట్టాల కింది గుంతల పడ్తది. కరెంటు కేంద్రాలకు ఇది సులువు. ఆఖరి డబ్బాకు 'ఎల్‌వీ' అని పలక ఉంటది, అంటే లాస్ట్ వెహికల్. అది కనవడితేనే బండి నడుమ తెగకుంట మొత్తం వచ్చినట్టు లెక్క.

మొదట్ల నేనూ తప్పు చేసిన. ఫొటో మంచిగొస్తదని గేటు కిందికెల్లి దూరి పట్టాల పక్కకు పోయిన. "అన్నా, ఫొటో నువ్వు తీస్తవ్, రేపు పేపర్ల నీ ఫొటో ఏస్తరు!" అని గేట్‌మన్ ఒర్లిండు. బండి పోయినంక నా కాళ్లు వణికినయి. ఎదురుంగ వచ్చే బండి ఎంత జోరు మీదున్నదో కండ్లకు అందది. నిండు బండి వేల టన్నులు, బ్రేకు ఏసినా చానా దూరం పోయినంకనే ఆగుతది. 1989 రైల్వే చట్టం 147 సెక్షన్ కింద, అనుమతి లేకుంట రైలు జాగల అడుగు పెడితే ఆరు నెలల దాంక జైలు గానీ, 1000 రూపాయల దాంక జరిమానా గానీ, రెండూ గానీ పడొచ్చు. జరిమానా కట్టొచ్చు, పాణం మల్ల రాదు.

అందుకే తమ్ముళ్లూ, చెల్లెండ్లూ, గేటు బయటనే నిలబడుండ్రి. పొద్దు మన ఎనుకకు ఉండాలె. గేటు కొయ్య ఫొటోల పడ్డా తప్పు లేదు, అది కూడా మన ఊరిదే. గేటు లేచినంకనే కదలుండ్రి.

ఇంటికి పోయి తేదీ, జాగ, వ్యాగన్ నంబరు రాసిపెట్టుండ్రి. ఆ బొగ్గు మన మట్టి కిందికెల్లి మన తాతలు, తండ్రులు, అన్నలు తీసింది. అది ఏ తొవ్వల పోయిందో మన పిల్లలకు చూపెట్టాలంటే, ఆ లెక్క మనమే రాసుకోవాలె.