గడియారం తప్పితే బ్యాంకు తలుపు తెరుచుకోదు

మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైనది 1998 నవంబరు 22న. ఇవాళ ఆ చుట్టుపక్కల వాటాల్లో ఇంటికొక కంప్యూటరు ఇంజనీరైనా ఉంటాడు. కాని కరెంటు బిల్లు కట్టబోయిన పెద్దాయనకు తెరమీద "మీ కనెక్షన్ ప్రైవేట్‌గా లేదు" అన్న హెచ్చరిక ఎదురయ్యే వేళకు ఆ ఇంజనీరు ఏ మీటింగులోనో ఉంటాడు; లేదా అమెరికాలో నిద్రపోతూంటాడు. పెద్దాయన చేసేది రెండింటిలో ఒకటి: కంప్యూటరు చెడిపోయిందని కట్టేయడం, లేదా "కానీలే" అని ఆ హెచ్చరికను దాటి ముందుకు పోవడం. మొదటిది అనవసరం. రెండోది ప్రమాదం.

అసలీ హెచ్చరిక ఏమిటి? మన కంప్యూటరు బ్యాంకుతో మాట్లాడబోయే ముందు, "తమరు నిజంగా ఆ బ్యాంకువారేనా? ఏదీ గుర్తింపు కాగితం?" అని అడుగుతుంది. ఆ కాగితమే సర్టిఫికెట్. ఎవరి పేర ఇచ్చారు, ఎవరు సంతకం చేశారు, ఏ తేదీనుంచి ఏ తేదీవరకు చెల్లుతుంది అన్న మూడూ అందులో ఉంటాయి. వెనుక మార్కుల జాబితా కాపీలమీద గెజిటెడ్ ఆఫీసరు సంతకంకోసం తండ్రీకొడుకులు వరండాల్లో పడిగాపులు పడేవారు, గుర్తుందా? ఇదీ ఆ బాపతే. సంతకం పెట్టదగిన వారి జాబితా మన కంప్యూటరులోనే ఉంటుంది. మూడింటిలో ఏది కుదరకపోయినా హెచ్చరిక తప్పదు.

ముందుగా కంప్యూటరులో తేదీ చూడండి. నవ్వకండి! మా పై వాటాలో ఒక రిటైర్డు మేష్టారున్నారు. పెన్షను పడిందో లేదో చూద్దామంటే మూడు రోజులు బ్యాంకు పేజీ తెరుచుకోలేదు. ఇంటర్నెట్ కుర్రవాడిని పిలిపించి వైర్లన్నీ మార్పించారు. చివరకు, "మేష్టారూ, మీ కంప్యూటరులో ఇంకా 2010 జనవరి నడుస్తున్నదండీ" అంటే ఆయన నమ్మలేదు. డబ్బాలోపల రూపాయి బిళ్ళంత బ్యాటరీ ఒకటి ఉంటుంది. కరెంటు లేనప్పుడు గడియారాన్ని నడిపేది అదే. అది అయిపోతే తేదీ ఏళ్ళకేళ్ళు వెనక్కి పోతుంది. ఈ ఏడు ఇచ్చిన సర్టిఫికెట్, 2010లో ఉన్న కంప్యూటరు లెక్కలో ఇంకా పుట్టనే లేదు! దుకాణంలో సీఆర్ 2032 అని అడిగితే కొద్ది రూపాయలకే ఇస్తారు.

తేదీ సరిగానే ఉంటే, సర్టిఫికెట్ గడువు తీరిందేమో చూడాలి. 2020 సెప్టెంబరునుంచి 398 రోజులకు మించి గడువు ఇవ్వడం లేదు. 2026 మార్చి 15నుంచి ఆ హద్దు 200 రోజులే. తిరగరాయించుకోవడం అవతలివారు మరిచిపోతే మనం చేయగలిగింది లేదు, ఆగి చూడడమే. మరీ పాత కంప్యూటరైతే దానిలోని జాబితాయే పాతబడి ఉండవచ్చు. 2021 సెప్టెంబరు 30న లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ సర్టిఫికెట్లకు ఆధారమైన పాత మూల సర్టిఫికెట్ ఒకటి గడువు తీరిపోగా, చాలా పాత యంత్రాలు నిక్షేపంగా ఉన్న సైట్లమీద కూడా పేచీ పెట్టాయి. కాఫీ హోటల్లో వైఫై వాడుతూండగా హెచ్చరిక వస్తే మాత్రం అక్కడ బ్యాంకు పని పెట్టుకోకండి. ఫోనులోని సొంత డేటా ఉన్నది కదా!

పేరే కలవలేదని వస్తే అక్కడితో ఆగిపోవాలి. ఇందులో మొహమాటం పనికిరాదు. సంతకాలు కూడా తప్పుదారి పట్టిన రోజులున్నాయి: 2014 జూలైలో మన నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్ సంతకంతో గూగుల్ పేర అనుమతిలేని సర్టిఫికెట్లు బయటపడ్డాయి. గూగుల్ వారు జూలై 2న కనిపెట్టగా, మరునాడే ప్రభుత్వంవారు వాటి ఆధారాన్నే రద్దు చేశారు.

ఇక హెచ్చరిక లేకపోతే అంతా క్షేమమేనా? అదీ కాదు. దొంగ కూడా తన సొంత పేరుమీద సర్టిఫికెట్ తెచ్చుకోగలడు, అదీ ఉచితంగా! తాళం బొమ్మ చూసి జనం సైటు మంచిదని నమ్మేస్తున్నారని 2023లో క్రోమ్ వారు ఆ బొమ్మనే తీసేశారు. మన రిజర్వు బ్యాంకు 2025లో మరో దారి పట్టింది. బ్యాంకులన్నీ అక్టోబరు 31లోగా "డాట్ బ్యాంక్ డాట్ ఇన్" అనే చివరి పేరుకు మారాలన్నది. ఆ పేర్లు ఇచ్చే అధికారం హైదరాబాదులో మాసాబ్ ట్యాంకు దగ్గరున్న ఐడీఆర్‌బీటీ ఒక్కదానిదే. ఇది రిజర్వు బ్యాంకు 1996లో నెలకొల్పిన సంస్థ. కనుక పైనున్న చిరునామాలో మొదటి ఏటవాలు గీత ఎక్కడున్నదో చూసి, అక్కడినుంచి వెనక్కి చదవండి: ఇన్, బ్యాంక్, ఆ తరువాత మీ బ్యాంకు పేరు. "బ్యాంక్" అన్న మాట ముందెక్కడో కనిపించి, చివర మరేదో ఉంటే అది మీ బ్యాంకు కాదు.