చిన్న లేఅవుట్‌కు ఏ షంటింగ్ ఇంజన్? అపోహలు – వాస్తవాలు

కాజీపేట–బల్లార్షా లైను పక్కన పెరిగినవాళ్లకు గూడ్సు బండి వింత కాదు. రామగుండంలోనో మంచిర్యాలలోనో గేటు పడితే, బండి ఆపుకుని డబ్బాలు లెక్కపెట్టనివాళ్లు అరుదు. ఆ ఇష్టం ముదిరి ఇంట్లోనే ప్లైవుడ్ పలక మీద మోడల్ రైలు వేసుకోవాలనిపిస్తే చిన్న డీజిల్ షంటింగ్ ఇంజన్, కొన్ని వ్యాగన్లు, రెండు మూడు సైడింగులతో మొదలుపెట్టడమే మేలు. గది చిన్నది, ఖర్చూ అదుపులో ఉంటుంది. ఇంతవరకు ఎవరికీ పేచీ లేదు. ఇంజన్ ఎంచుకునే దగ్గరే ఆ నోటా ఈ నోటా విన్న మాటలు అడ్డం పడుతుంటాయి.

అపోహ: ఎక్కువ హార్స్ పవర్ ఉన్న ఇంజన్ మోడల్ కొంటే ఎక్కువ వ్యాగన్లు లాగుతుంది.

వాస్తవం: పెట్టె మీద రాసిన హార్స్ పవర్ అసలు ఇంజన్‌ది, లోపలున్న బుల్లి మోటారుది కాదు. మోడల్ ఎంత లాగుతుందనేది మూడింటిని బట్టి ఉంటుంది: దాని బరువు, మోటారుకు కలిసిన చక్రాలెన్ని, గేర్లు ఎంత నెమ్మదిగా తిప్పుతాయి. కొన్ని చవక మోడళ్లలో రెండు బోగీలు (ఇరుసులు బిగించిన చట్రాలు) ఉన్నా మోటారు తిప్పేది ఒక్కదాన్నే. రెండోది ఊరికే దొర్లుతుంది. అలాంటి ఆరు ఇరుసుల ఇంజన్ కంటే అన్ని చక్రాలూ తిరిగే బరువైన మూడు ఇరుసుల ఇంజనే నయం.

అసలు రైళ్లలోనూ షంటింగ్‌కు బలం కంటే పట్టు ముఖ్యం. బ్రిటన్‌లో 1952–1962 మధ్య 996 క్లాస్ 08 ఇంజన్లు తయారయ్యాయి. వాటి బలం 350 హార్స్ పవరే. అయినా దశాబ్దాల తరబడి ఎన్నో యార్డులను నడిపాయి.

అపోహ: మన దగ్గర బొగ్గుంది, థర్మల్ కేంద్రం ఉంది. షంటింగ్ లేఅవుట్‌కు రామగుండం ఎన్టీపీసీని మించింది లేదు.

వాస్తవం: చూడ్డానికి బాగుంటుంది గానీ అక్కడ షంటింగ్ పెద్దగా ఉండదు. రామగుండం 2600 మెగావాట్ల కేంద్రానికి సింగరేణి గోదావరిఖని గనుల నుంచి బొగ్గు వచ్చేది ‘మెర్రీ గో రౌండ్’ పద్ధతిలో. గని దగ్గర సైలో (బొగ్గు నిల్వ గోపురం) కింద రైలు నెమ్మదిగా కదులుతుంటే బొగ్గు పడుతుంది. కేంద్రానికి చేరాక ట్రాక్ హాపర్ మీద వ్యాగన్ల అడుగు తలుపులు తెరుచుకుని బొగ్గు జారిపోతుంది. ఆ తర్వాత రైలు లూపు చుట్టి మళ్లీ గనికి పోతుంది. వ్యాగన్‌ను విడదీసేది లేదు, తగిలించేది లేదు. ఆ ఇంజన్‌కు కావలసిన నైపుణ్యమల్లా నత్తనడకను ఒకే వేగంతో నిలబెట్టుకోవడం.

పైగా స్థలం చూడండి. మన లైన్ల మీద బొగ్గు మోసే మామూలు బాక్స్‌ఎన్ వ్యాగన్‌నే తీసుకుంటే, దాని పొడవు కప్లర్లతో కలిపి 10.7 మీటర్లు. 1:87 హెచ్‌ఓ స్కేలులో అది 12.3 సెంటీమీటర్లవుతుంది. 58 వ్యాగన్ల పూర్తి బండి వేస్తే ఏడు మీటర్లు దాటిపోతుంది. మన హాళ్లలో అంత గోడ ఎక్కడిది?

షంటింగ్ కావాలంటే వేర్వేరు సరుకు వేర్వేరు చోటికి పోయే ఫ్యాక్టరీని ఎంచుకోవాలి. కాగజ్‌నగర్ సిర్పూర్ పేపర్ మిల్లు లాంటిదో, బసంత్‌నగర్ సిమెంటు ఫ్యాక్టరీ లాంటిదో మనసులో పెట్టుకోండి. కాగితపు మిల్లుకు కర్ర ఒక లైనులో, బొగ్గు ఇంకో లైనులో, బయటికి పోయే కాగితం మరో లైనులో. ఉన్నది ఉన్నట్టు దించనక్కర్లేదు, ఆ తీరు వస్తే చాలు. ఏ వ్యాగన్ ముందు, ఏది వెనక అని తేల్చుకోవడంలోనే ఉంది అసలు సరదా.

దీనికి అలన్ రైట్ అనే ఆంగ్లేయుడు వేసిన ‘ఇంగిల్‌నుక్’ పథకం ఇప్పటికీ తిరుగులేనిది. మూడు సైడింగుల్లో వరసగా 5, 3, 3 వ్యాగన్లు పడతాయి. ఇంజన్ ముందుకూ వెనక్కూ కదిలే షంటింగ్ నెక్‌లో ఇంజన్, మూడు వ్యాగన్లు పడతాయి. ఎనిమిది వ్యాగన్లలోంచి చీటీ తీసి, వచ్చిన వరసలో ఐదింటిని పేర్చాలి. అలా 6720 వరసలు సాధ్యం. ఇంత ఆట ఆరడుగుల పలక మీద సరిపోతుంది, ఇంజన్ పొట్టిదైతేనే. నెక్ పొడవు ఇంజన్ పొడవును బట్టే ఉంటుంది గనుక పెద్ద ఇంజన్ తెస్తే ఆ మేరకు పలక పెంచాల్సిందే.

అపోహ: మన రైల్వే మోడల్ దొరికితేనే కొనాలి. విదేశీ ఇంజన్‌తో మన వాతావరణం రాదు.

వాస్తవం: మన షంటింగ్ డీజిళ్లలో బాగా కనిపించినవి రెండు కుటుంబాలు. ఒకటి చిత్తరంజన్‌లో తయారైన డబ్ల్యూడీఎస్-4. 700 హార్స్ పవర్, హైడ్రాలిక్ ట్రాన్స్‌మిషన్, జర్మనీ ‘మాక్’ డిజైన్ ఇంజన్, మూడు ఇరుసుల్నీ కలుపుతూ బయటికి కనిపించే రాడ్లు. షంటింగ్ గేరులో గంటకు 27 కిలోమీటర్లు, మెయిన్‌లైన్ గేరులో 65. రెండోది వారణాసిలో 1975 నుంచి తయారైన డబ్ల్యూడీఎస్-6. ఒక చివర కేబిన్, దాని ముందు పొడవాటి హుడ్, మూడేసి ఇరుసుల రెండు బోగీలు. మీటర్ గేజీ వైడీఎం-4లో ఉన్న ఆరు సిలిండర్ల ఆల్కో ఇంజనే దీని లోపలా ఉంటుంది. రైల్వేతో పాటు ఉక్కు ఫ్యాక్టరీలు, ఓడరేవులు, విద్యుత్ కేంద్రాలూ దీన్ని కొనుక్కున్నాయి.

ఈ రెండింటికీ దగ్గరి చుట్టాలు విదేశీ మోడళ్లలో దొరుకుతాయి. రాడ్ల ఇంజన్ కావాలనుకుంటే జర్మన్ వీ-60 చూడండి. అసలుది 10.45 మీటర్లు, హెచ్‌ఓలో 12 సెంటీమీటర్లు, అంటే ఒక్క బాక్స్‌ఎన్ అంత. రోకో, పీకో, ఫ్లైష్‌మన్ కంపెనీలు దీన్ని ఎన్నో రకాలుగా చేశాయి. ఆల్కో పోలిక కావాలనుకుంటే అట్లాస్ చేసిన ఎస్-2 ఉంది, అయితే దాని బోగీలు రెండు ఇరుసులవి. రంగు మార్చి, నంబరు వేసి, పక్కన రెండు బాక్స్‌ఎన్‌లు నిలబెడితే చూసేవాళ్ల కళ్లు మిగతాది పూరించుకుంటాయి.

ఇంకో చిక్కు ఉంది, పట్టాల వెడల్పు. మన బ్రాడ్‌గేజీ 1676 మిల్లీమీటర్లు. దాన్ని 87తో భాగిస్తే 19.3 రావాలి. మార్కెట్లో హెచ్‌ఓ పట్టా 16.5 మిల్లీమీటర్లే, అది 1435 మిల్లీమీటర్ల యూరప్ గేజీకి చేసింది. దాదాపు మూడు మిల్లీమీటర్ల ఈ తేడాను సరిచేయాలంటే ప్రతి చక్రం, లైను చీలే ప్రతి పాయింటు చేత్తో చేసుకోవాలి. మొదటి లేఅవుట్‌కు ఆ పని పెట్టుకోవద్దనే నా సలహా.

అపోహ: పాత ఆదిలాబాద్ మీటర్ గేజీ స్టేషన్ వేసినా షంటర్ (షంటింగ్ ఇంజన్) తప్పనిసరి.

వాస్తవం: ముద్ఖేడ్–ఆదిలాబాద్ లైను 2000ల దశాబ్దంలో బ్రాడ్‌గేజీ అయింది. దానికి ముందు ఆ తరహా చిన్న స్టేషన్లలో ప్రత్యేకంగా షంటర్‌ను ఉంచేవారు కాదు. బండి తెచ్చిన ఇంజనే వ్యాగన్‌ను సైడింగులో పెట్టి తన దారిన పోయేది. అలాంటి స్టేషన్ మీ కోరికైతే షంటర్ డబ్బు మిగులుతుంది. మీటర్ గేజీకి హెచ్‌ఓలో 12 మిల్లీమీటర్ల పట్టా వేరే కొనాలి.

అపోహ: చిన్న ఇంజన్ కాబట్టి ఏ వంపైనా, ఏ పాయింటైనా సులువుగా దాటేస్తుంది.

వాస్తవం: వంపుల వరకు నిజమే. రెండు ఇరుసులు దగ్గరగా ఉన్న ఇంజన్ 371 మిల్లీమీటర్ల వ్యాసార్ధమున్న వంపులోనూ తిరుగుతుంది. చిక్కంతా పాయింటు దగ్గరే. రెండు పట్టాలు కలుసుకునే క్రాసింగ్‌ను చాలా పాయింట్లలో ప్లాస్టిక్‌తో చేస్తారు, అక్కడ కరెంటు ఉండదు. పొడవాటి ఇంజన్‌కు ఆ క్షణంలో మిగతా చక్రాలు కరెంటు అందిస్తాయి. పొట్టి ఇంజన్‌కు ఆ అవకాశం తక్కువ. మెల్లగా వస్తున్నది సరిగ్గా అక్కడికొచ్చి గుటుక్కున ఆగుతుంది. వేలితో తోస్తే కదులుతుంది. మరో వ్యాగన్ తేవడానికి వెళ్తే మళ్లీ అక్కడే. పది నిమిషాల్లో ఆటంటే విసుగొస్తుంది. చాలామంది ఈ అభిరుచిని మూలన పడేసేది ఇక్కడే.

అందుకే అడగాల్సిన మొదటి ప్రశ్న రంగు గురించి కాదు: ఎన్ని చక్రాలు కరెంటు తీసుకుంటాయి? అన్నీ తీసుకోవాలి. పట్టు కోసం చక్రానికి రబ్బరు టైరు వేసిన మోడళ్లలో ఆ చక్రానికి కరెంటు అందదు. చదునైన చిన్న లేఅవుట్‌లో నాలుగైదు వ్యాగన్లకు రబ్బరు అక్కర్లేదు, అది లేని మోడలే మంచిది. డీసీసీ (డిజిటల్ కంట్రోల్) వాడితే, కరెంటు తెగినా క్షణం పాటు నడిపించే ‘స్టే అలైవ్’ కెపాసిటర్ లోపల ఉంటే ఇంకా నయం. పాయింట్లు కొనేటప్పుడు క్రాసింగ్ లోహంతో చేసినవి తీసుకుని, దానికి స్విచ్ ద్వారా కరెంటు ఇవ్వండి.

ఇంజన్‌ది కాని తప్పు దాని మీద వేయడమూ మామూలే. మన ఎండల్లో మధ్యాహ్నం రేకుల గది కాగిపోతుంది. పొద్దుటికీ మధ్యాహ్నానికీ పాతిక డిగ్రీల తేడా వస్తే రెండు మీటర్ల పట్టా సుమారు ముప్పాతిక మిల్లీమీటరు పెరుగుతుంది. అతుకుల్లో సందు వదలకపోతే పట్టా వంకర పోయి ఇంజన్ పడిపోతుంది.

అపోహ: ఇంటికి చిన్నదే కావాలి కాబట్టి ఎన్ స్కేలు షంటర్ కొనడం మేలు.

వాస్తవం: 1:160 ఎన్ స్కేలులో పొడవాటి రైళ్లు బాగుంటాయి. పొట్టి షంటర్‌కు మాత్రం బరువు చాలదు, పట్టా మీద కాస్త దుమ్మున్నా ఆగుతుంది. షంటింగే ప్రధానమైతే హెచ్‌ఓ.

అపోహ: హెచ్‌ఓ అని రాసి ఉంటే చాలు, ఏదైనా దేనిమీదైనా నడుస్తుంది.

వాస్తవం: మెర్క్లిన్ హెచ్‌ఓ పద్ధతిలో కరెంటు పట్టా మధ్యనున్న చిన్న బొడిపెల నుంచి వస్తుంది. ఆ ఇంజన్ మామూలు రెండు పట్టాల డీసీ లైను మీద కదలదు. మామూలు డీసీ ఇంజన్‌ను డీసీసీ పట్టా మీద నిలబెడితే గుయ్యిమని మోగుతూ మోటారు వేడెక్కుతుంది. అమెరికా నుంచి చుట్టాలు తెచ్చే సెట్ల సంగతి మరీ జాగ్రత్త. అక్కడి కొన్ని ట్రాన్స్‌ఫార్మర్లు 120 వోల్టులవి, మన 230 వోల్టుల ప్లగ్గులో పెడితే కాలిపోతాయి. అడాప్టర్ మీద 100–240 అని ఉందో లేదో ముందే చదవండి.

అపోహ: డీసీసీ లేకపోతే మోడల్ రైలే కాదు.

వాస్తవం: ఒక్క ఇంజన్ ఉన్న పలకకు మంచి డీసీ కంట్రోలర్ చాలు. రెండో ఇంజన్ వచ్చే ఆలోచన ఉంటే డీకోడర్ పెట్టుకునే సాకెట్ ఉన్న మోడల్ తీసుకోండి. డీకోడర్ తర్వాత పెట్టుకోవచ్చు.

అపోహ: వేగంగా పోయే ఇంజనే మంచి మోటారున్న ఇంజన్.

వాస్తవం: మన రైల్వే జనరల్ రూల్స్ ప్రకారం షంటింగ్ వేగం గంటకు 15 కిలోమీటర్లు మించకూడదు. పేలుడు పదార్థాలుంటే 8. హెచ్‌ఓలో 15 అంటే సెకనుకు 4.8 సెంటీమీటర్లు, ఒక మీటరు దాటడానికి 21 సెకన్లు. 8 అయితే దాదాపు 39 సెకన్లు. ఇంత మెల్లగా కుదుపు లేకుండా నడవాలంటే మోటారుకు ఫ్లైవీల్, తగిన గేర్లు ఉండాలి. బొమ్మల సెట్లలో వచ్చే చాలా ఇంజన్లు ఈ పరీక్షలో నిలవవు. నాబు కాస్త తిప్పగానే ఎగిరి దూకుతాయి.

కాబట్టి ఆన్‌లైన్‌లో కొనేముందు అమ్మేవాళ్లను ఒక్క వీడియో అడగండి. ఇంజన్ ఒక మీటరు పట్టాను, మధ్యలో ఒక పాయింటుతో సహా, ఆగకుండా 40 సెకన్లు తీసుకుని మెల్లగా దాటాలి. పంపకపోతే ఇంకో దుకాణం చూసుకోండి.