వాగు ఊదిన కొలిమి

ఇనుము కరగాలంటే నిప్పు ఉంటే చాలదు, గాలి కావాలి. స్వచ్ఛమైన ఇనుము కరిగేది 1538 డిగ్రీల సెల్సియస్ దగ్గర. పాతకాలపు కొలుముల్లో అంత వేడి పుట్టేది కాదు. అందుకే చాలా దేశాల్లో ఇనుము కరక్కుండానే, చిట్టెం కలిసిన ముద్దగా బయటికొచ్చేది. దాన్ని సమ్మెటతో మోది మోది శుభ్రం చేసుకునేవారు.

చైనావారు క్రీస్తుపూర్వం 5వ శతాబ్దానికే మరో దారి పట్టారు. ఎత్తయిన బట్టీలో బొగ్గు దండిగా పోసి గాలి గట్టిగా కొడితే, ఇనుము బొగ్గులోంచి కార్బన్‌ను పీల్చుకుంటుంది. సుమారు 4 శాతం చేరాక 1150 డిగ్రీలకే కరిగి పారుతుంది. దాన్ని అచ్చుల్లో పోస్తే చాలు, నాగలి కర్రులు తయారు. ఈ పోత ఇనుము పెళుసు. ఆ దోషాన్నీ వాళ్లు వదల్లేదు: పోసిన వస్తువును రోజుల తరబడి వేడిలో ఉంచి మెత్తబరిచేవారు. మన నిజామాబాద్ జిల్లా కోనసముద్రం ఉక్కుకు పేరు తెచ్చింది మూసల్లో, అంటే మట్టి పాత్రల్లో, ఉక్కు తయారుచేసే పద్ధతి. అది వేరే దారి.

క్రీ.పూ. 117లో హాన్ చక్రవర్తి వూ ఇనుము తయారీని ప్రభుత్వం చేతుల్లోకి తీసుకున్నాడు. బట్టీలు పెరిగాయి. జెంగ్‌జౌ దగ్గర తవ్వకాల్లో, బట్టీలో గడ్డకట్టి మిగిలిపోయిన 20 టన్నులకు పైబడిన ఇనుప దిమ్మ దొరికింది. అక్కడి బట్టీ గుండ్రంగా కాదు, కోలగా ఉంటుంది. పక్కల నుంచి కొట్టిన గాలి నడిమధ్యకు అందాలి కదా!

అసలు చిక్కు ఆ గాలి దగ్గరే. తిత్తులు ఊదడానికి మనుషులు, గుర్రాలు అలసిపోయేవారు. క్రీ.శ. 31లో నాన్‌యాంగ్ పాలకుడిగా వచ్చిన డూ షి ఆ పనిని వాగుకు అప్పగించాడు. నీటి చక్రం తిరుగుతుంటే తిత్తి ఊదుతుంది. తక్కువ శ్రమతో వ్యవసాయ పనిముట్లు పోసుకోవచ్చు. 3వ శతాబ్దంలో వెయ్ రాజ్యపు అధికారి హాన్ జీ ఇదే పద్ధతిని విస్తరించాడు. అంతకుముందు ఒక్క విడత ఖనిజం కరిగించడానికి వంద గుర్రాలు పట్టేవనీ, నీటి తిత్తితో లాభం మూడింతలైందనీ చరిత్ర గ్రంథం రాసింది. గుర్రాల మేత ఖర్చు లెక్కేసుకుంటే నమ్మబుద్ధేసే మాటే.

ఈ యంత్రం బొమ్మ మనకు కనిపించేది వాంగ్ జెన్ 1313లో వెలువరించిన వ్యవసాయ గ్రంథంలో. నీళ్లలో అడ్డంగా పడుకున్న చక్రం, దాని నిలువు ఇరుసు మీద మరో పెద్ద చక్రం, దాన్నుంచి తాడుతో తిరిగే చిన్న చక్రం, దానికి తగిలించిన కడ్డీ. గుండ్రంగా తిరిగే కదలిక ఆ కడ్డీ దగ్గర ముందుకూ వెనక్కూ ఊగే కదలికగా మారి, చెక్క తిత్తిని నొక్కుతుంది. 18వ శతాబ్దం చివర ఐరోపా ఆవిరి యంత్రాలు చక్రాలు తిప్పింది ఇదే సూత్రాన్ని తిరగేసే. ఆవిరి యంత్రంతోనే యంత్రయుగం పుట్టిందనుకునేవాళ్లు ఈ 1313 నాటి బొమ్మను ఒక్కసారి చూడాలి.