రోజుకు 50 ఇళ్లు, 50 రూపాయలు

2020 సెప్టెంబరు 15న మహారాష్ట్ర ప్రభుత్వం 'మాఝే కుటుంబ్, మాఝీ జబాబ్దారీ' (నా కుటుంబం, నా బాధ్యత) పేరుతో ఇంటింటి కొవిడ్ సర్వే మొదలుపెట్టింది. ఒక్కో బృందం రోజుకు 50 ఇళ్లు తిరగాలి. ఇంట్లో అందరికీ జ్వరం, ఆక్సిజన్ చూడాలి. బీపీ, షుగరు ఉన్నాయేమో అడిగి రాసుకోవాలి. ఇంటికి పది నిమిషాలే అనుకున్నా 500 నిమిషాలు, అంటే ఎనిమిది గంటల పైమాటే. నడక ఈ లెక్కలో లేదు. చంద్రపూర్ జిల్లాలో తెలంగాణ సరిహద్దునే ఉన్న జివతి కొండల్లో నడకకే బోలెడు సమయం పడుతుంది.

2011 లెక్కల ప్రకారం జిల్లా జనాభా 22,04,307. మూడింట రెండొంతుల మంది పల్లెల్లోనే ఉంటారు. ఈ సర్వేకు ఇల్లిల్లూ తిరిగిన ఆశా కార్యకర్తలు పల్లెల్లో వెయ్యి మందికి ఒకరు చొప్పున 1,400 మందికి పైగా కావాలి. గర్భిణులు, పసిపిల్లల టీకాలు ఎలాగూ వాళ్ల పనే. దాని మీద కొవిడ్ వచ్చి పడింది.

2021 జూన్ 15న రాష్ట్రమంతటా ఆశాలు సమ్మెకు దిగారు. దాంతో నెలకు 1,000 రూపాయల పెంపు, 500 కొవిడ్ భత్యం దక్కాయి. రోజుకు 50 రూపాయలన్నమాట. అదీ అడిగి, పోరాడితే వచ్చింది.

కేంద్రం 2020 మార్చిలోనే 22.12 లక్షల మంది ఆరోగ్య సిబ్బందికి 50 లక్షల చొప్పున బీమా ప్రకటించింది. మంచిదే, కానీ అది చనిపోతే వచ్చే డబ్బు. బతికుండి పనిచేసేవాళ్ల బాగు మాటేమిటి?

మే నెలలో చంద్రపూర్ ఎండ 45 డిగ్రీలు దాటడం మామూలే. 2021లో కొవిడ్ రెండో ఉధృతి ఎండాకాలంలోనే వచ్చింది. కొవిడ్ వార్డులో పీపీఈ సూటు వేసుకున్నాక మంచినీళ్లు తాగడానికి లేదు, మూత్రానికి వెళ్లడానికి లేదు. లోపల చెమట కారి బట్టలు ఒంటికి అతుక్కుపోతాయి. అలా ఆరు గంటల షిఫ్టు చేయడం మనిషికి భారం. నాలుగు గంటలకు తగ్గిస్తే? రోజంతా వార్డు నడవాలంటే నాలుగు బృందాల బదులు ఆరు కావాలి. పది మంది చేసేచోట పదిహేను మంది. సిబ్బంది బాగోగుల గురించి ఎన్ని కౌన్సెలింగ్ తరగతులు పెట్టినా, ఈ అదనపు ఐదుగురు లేనిదే విశ్రాంతి రాదు.

ఆ ఐదుగురు సాధారణంగా కాంట్రాక్టు మీదే వస్తారు. 2021 ఫిబ్రవరిలో చంద్రపూర్ ప్రభుత్వ వైద్య కళాశాల కాంట్రాక్టు సిబ్బంది నెలల తరబడి అందని జీతాల కోసం డేరా వేసుకుని ఆందోళనకు కూర్చున్నారు. అప్పటికి రెండో ఉధృతికి ఇంకా కొన్ని వారాలే ఉన్నాయి.