క్యాన్సర్‌ను పోలిన క్లోమ వ్యాధి.. మందులకు లొంగినా నిఘా తప్పదు

సూర్యాపేట: నొప్పి లేకుండా కామెర్లు రావడం, స్కానింగ్‌లో క్లోమగ్రంథి ఉబ్బి కనిపించడం క్యాన్సర్ అనుమానానికి దారితీస్తాయి. కొందరిలో ఇందుకు కారణం ఆటోఇమ్యూన్ ప్యాంక్రియాటైటిస్ కావచ్చు. రోగనిరోధక వ్యవస్థ సొంత క్లోమంపైనే దాడి చేయడం వల్ల వచ్చే అరుదైన వ్యాధి ఇది. సక్రమంగా చికిత్స పొందినవారి ఆయుర్దాయం సాధారణ ప్రజలతో ఇంచుమించు సమానంగా ఉన్నట్లు అధ్యయనాలు చెబుతున్నాయి.

రెండు రకాలు

మొదటి రకం ఎక్కువగా 50 ఏళ్లు దాటిన పురుషుల్లో కనిపిస్తుంది. వీరిలో చాలామందికి రక్తంలో ఐజీజీ4 పెరుగుతుంది. పైత్యరస నాళాలు, లాలాజల గ్రంథులు, మూత్రపిండాలకూ వ్యాధి సోకవచ్చు. రెండో రకం చిన్న వయసువారిలో వస్తుంది. వీరిలో కొందరికి పెద్దపేగు పూత కూడా ఉంటుంది.

మూడేళ్లు కీలకం

పది దేశాలకు చెందిన 1,064 మంది రోగులపై జరిగిన అధ్యయనం 2013లో వెలువడింది. స్టెరాయిడ్లు వాడినవారిలో మొదటి రకం రోగులకు 99 శాతం, రెండో రకం వారికి 92 శాతం మందికి వ్యాధి అదుపులోకి వచ్చింది. అయితే మొదటి రకంలో 31 శాతం, రెండో రకంలో 9 శాతం మందికి తిరగబెట్టింది. తిరగబెట్టడం ఎక్కువగా మొదటి మూడేళ్లలోనే జరుగుతుంది. అప్పుడు కూడా స్టెరాయిడ్లు మళ్లీ పనిచేస్తాయి. పదే పదే తిరగబెడితే అజాథయోప్రిన్, రిటుక్సిమాబ్ వంటి మందులు వాడతారు.

మిగిలే ఇబ్బందులు

దీర్ఘకాలంలో క్లోమం కుంచించుకుపోవచ్చు, రాళ్లు ఏర్పడవచ్చు. ఇన్సులిన్ తగ్గితే మధుమేహం, జీర్ణరసాలు తగ్గితే జిడ్డు విరేచనాలు, బరువు తగ్గడం వంటి సమస్యలు వస్తాయి. స్టెరాయిడ్ల వల్ల కూడా షుగర్ పెరగవచ్చు, ఎముకలు బలహీనపడవచ్చు.

సొంత వైద్యం వద్దు

క్యాన్సర్ కాదని తేలకముందే స్టెరాయిడ్లు మొదలుపెడితే అసలు జబ్బు మరుగునపడే ప్రమాదం ఉంది. చికిత్సకు ముందు క్షయ, హెపటైటిస్-బి పరీక్షలు అవసరం. కామెర్లు తగ్గాయని మాత్రలు ఒక్కసారిగా మానరాదు. వైద్యుల సూచన మేరకు మోతాదును క్రమంగా తగ్గించాలి.

వ్యాధి నిర్ధారణకు హైదరాబాద్‌లోని నిమ్స్ వంటి పెద్దాసుపత్రుల్లో ఉదరకోశ వ్యాధుల నిపుణులను సంప్రదించాలి. ఆ తర్వాత షుగర్, కాలేయ పరీక్షలను సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడలోనే చేయించుకుని ఫలితాలను వారికి చూపవచ్చు. కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులోకి మారినా, కారణం లేకుండా బరువు తగ్గినా గడువు తేదీ వరకు ఆగకుండా వైద్యుడిని కలవాలి.